అన్నయ్య పాడుతున్న ఫోటో

అన్నయ్య గొంతులో పుండు ఉందని, కలకత్తా తీసుకెళ్ళి కోయించాలని డాక్టరు చెప్పాడు. కోస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఉండదు. బుధవారం మెయిలు బండికి రైల్వే పాసు రాయించేశాం. అంతకు ముందు ఆదివారం సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో శ్రీరామనవమి పాటకచేరీ ఉంది. అన్నయ్య పాడటం అదే ఆఖరు. పాడుతుండగా తీసిన ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. తీయాల్సినవాణ్ణి నేనే.

అన్నయ్య లోకో షెడ్‌లో ఫిట్టరు, నేను గూడ్సు గార్డుని. బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో కెమెరా ఉన్నది నా ఒక్కడికే, ఆ గర్వం కాస్త ఎక్కువగానే ఉండేది. కచేరీల ఫోటోలు చాలా తీశాను కానీ అన్నయ్యది ఎప్పుడూ చెడిపోయేది. ఆ హాల్లో వెలుగంటే రెండు గ్యాసు దీపాలే. అంత మసకలో బొమ్మ పడాలంటే పాడేవాడు కొన్ని సెకన్లు కదలకూడదు. తల ఊపకుండా పాడటం మా అన్నయ్యకు చేతకాదు. మెరుపు వెలుగు కోసం మెగ్నీషియం పొడి వెలిగిద్దామంటే ఆ పొగ ఇప్పుడు ఆ గొంతుకు విషం.

అందుకని కలకత్తా వెళ్ళొచ్చే తోటి గార్డు చేత కొత్త రకం గాజు ప్లేట్లు ఆరు తెప్పించాను. దీపం వెలుగులో అవి పాతవాటికన్నా త్వరగా బొమ్మ పట్టేస్తాయట. పెట్టెలో ఒక ఇంగ్లీషు కాగితం ఉంది, పూర్తి చీకట్లోనే విప్పాలని. చదివి నవ్వుకున్నాను. పదేళ్ళుగా నా డ్యూటీ లాంతరుకు ఎర్రద్దం తిప్పి, ఆ వెలుగులోనే ప్లేట్లు కెమెరా చట్రాల్లోకి ఎక్కిస్తున్నాను. ఒక్కటీ చెడలేదు. ఎక్కడో ఇంగ్లీషు సీమలో కూర్చుని కాగితాలు రాసేవాడా నాకు చెప్పేది అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం క్వార్టర్‌లో సామాన్ల గది తలుపుకు దుప్పటి కట్టి, ఎర్ర లాంతరు పెట్టుకుని ఆరూ ఎక్కించాను.

అన్నయ్యతో ముందే ఒప్పందం చేసుకున్నాను. పై షడ్జం అందుకున్నప్పుడు తల ఆపి, రెండు లెక్కపెట్టేదాకా నిలబెడతానన్నాడు. మొదటి రెండు పాటల్లో మరిచేపోయాడు. గొంతులో జీర మొదలైంది. మధ్యమధ్య మంచినీళ్ళు తాగుతుంటే ఇక ఆపేస్తాడేమోనని లెన్సు మూత మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి వదిన నన్నే చూస్తోంది. మూడో పాటలో పైకి వెళ్ళి, నా వైపు చూశాడు. తల ఆగింది. మూత తీసి, రెండు లెక్కపెట్టి మూసేశాను. అలా ఆరుసార్లు నిలబెట్టాడు. కచేరీ అయ్యేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది కానీ, బొమ్మ పడిందన్న ధీమాతో ఇంటికి వచ్చాను.

సోమవారమంతా డ్యూటీ. మంగళవారం పొద్దున్న మళ్ళీ ఆ గదిలోనే ఎర్ర లాంతరు పెట్టుకుని ప్లేట్లు కడగడానికి కూర్చున్నాను. మొదటిది మందులో వేయగానే అంచుల దాకా నల్లబడింది. వెలుగు ఎక్కువైందేమో అనుకున్నాను. రెండోదీ అంతే. మూడోదీ నల్లబడింది. ఆ కాగితం వెతికి పూర్తిగా చదివాను. ఈ ప్లేట్లకు ఎర్ర వెలుగు కూడా తగలకూడదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. లాంతరు ఆర్పేసి, మిగతా మూడూ చీకట్లో కడిగాను. అవీ బొగ్గులా వచ్చాయి. ఎక్కించిన రోజునే పాడుచేశాను వాటిని.

వెళ్ళి అన్నయ్యకు చెప్పాను. కాగితం చదివి నవ్విన సంగతి కూడా దాచలేదు. వదిన ముఖం తిప్పుకుంది. అన్నయ్య గొంతు పెకల్చుకుని, గుసగుసలా అడిగాడు.

"ఏటి సేత్తాం. పాత ప్లేట్లు ఉన్నాయేట్రా?"

"ఉన్నాయన్నయ్యా."

"అచ్ఛా, అయితే అరుగు మీద కూకుంటాను. నాను పాడతాను, నువ్వు తియ్యి."

ఎండలో పాత ప్లేటు కూడా చాలు. కండువా వేసుకుని కూర్చుని పల్లవి ఎత్తుకున్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఎత్తుకున్నాడు. అదే గాలి. ఆదివారం నా కోసం ఆరుసార్లు పైన నిలబెట్టి, మిగిలిన కాస్త గొంతూ అయిపోగొట్టుకున్నాడని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. అన్నయ్య మాత్రం తొడ మీద తాళం ఆపలేదు. పాటలో పై షడ్జం వచ్చే చోటికి రాగానే నోరు తెరిచి, తల ఆపి నా వైపు చూశాడు. తీశాను.

ఆ ఫోటో వదిన గదిలో ఉంది. చూసినవాళ్ళు, ఎంత బాగా పాడుతున్నాడో అంటారు. అవునంటుంది వదిన. నేనూ అవుననే అంటాను.