పాపాయమ్మ కలిపిన వరస

పాపాయమ్మ నోటికి జడిసి ఆమె గోడ మీద కాకి కూడా వాలదని ఊళ్ళో చెప్పుకునేవారు. అది అబద్ధం. కాకులు వాలేవి, తిట్లు తిని ఎగిరేవి. ద్రాక్షారామానికి పక్కనే ఆమె ఊరు. కాస్త మాగాణి, పెంకుటిల్లు, ఓ పాడిగేదె, ఓ కోడలు. అదీ ఆమె సంసారం. ఒక్కగానొక్క కొడుకు కాకినాడ రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. దినకార్యాలయ్యాక పుట్టింటివాళ్ళు, తల్లీతండ్రీ లేని ఆ కోడలు రామతులసిని తీసుకుపోదామని వచ్చారు. ఆ పిల్ల పెట్టె సర్దుకోలేదు, పాపాయమ్మ సర్దుకోమనీ అనలేదు. ఎందుకు కలిసి ఉండిపోయారో ఆ అత్తాకోడళ్ళు ఎన్నడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే ఏడుపొస్తుంది. ఏడవడం పాపాయమ్మకు నచ్చని పని.

రామతులసి జాకెట్లు కుట్టేది. మిషను ఆపితే నవల పట్టేది. ద్రాక్షారామం బస్టాండు పక్కన పాపాయమ్మ మేనల్లుడు గణేష్‌బాబుకు అద్దె పుస్తకాల కొట్టుంది. పుట్టింటి వైపు ఆమెకు దగ్గర్లో మిగిలినవాడు అతనొక్కడే. తండ్రి పోయాక చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి, తల్లిని సాగనంపి వెనక్కి తిరిగి చూసుకునేసరికి అతని పెళ్ళి వయసు కాస్తా వెళ్ళిపోయింది. వారానికోసారి సైకిలు మీద వచ్చి పాత నవలలు తీసుకుని కొత్తవి ఇచ్చి పోయేవాడు.

పాపాయమ్మకు ఆ పుస్తకాలంటే గిట్టేది కాదు. తను చదివింది రెండో తరగతి. ఆ తరవాత చదివినవల్లా బస్సు బోర్డులూ, గోడల మీది సినిమా కాగితాలూను.

"చదువు రానివాళ్ళు అప్పులు చేస్తారు, వచ్చినవాళ్ళు తప్పులు చేస్తారు," అనేది.

అలాంటి మనిషి దారి మళ్ళింది తొంభై ఆరు తుఫానుకి. కరెంటు స్తంభాలు చేలల్లో పడుకున్నాయి. కొబ్బరిచెట్లు లేవు, కరెంటు లేదు, టీవీ మూగబోయింది. సాయంత్రం నాలుగు మెతుకులు తిన్నాక చెయ్యడానికి పనే లేదు.

"ఏదీ, ఆ దిక్కుమాలిన పుస్తకం కాస్త పైకి చదువు. దోమలైనా పారిపోతాయి," అంది పాపాయమ్మ.

రామతులసి లాంతరు దగ్గరకు జరుపుకుని మొదలుపెట్టింది. దోమలు పోలేదు గానీ పాపాయమ్మ అక్కడే అతుక్కుపోయింది. ఎవరో పెద్దింటి అమ్మాయి, ఎవడో కోపిష్టి ఇంజినీరు. వాడు తలుపు వేశాడు. ఆ పిల్ల గోడకు ఆనుకుంది. అంతే, రామతులసి గొంతు ఆగింది, కాగితం తిరిగింది, మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతున్నారు ఇద్దరూ.

"ఏమే, మధ్యలో రెండు కాగితాలు మింగేశావు?"

"అవి వర్ణనలు, అత్తయ్యా."

"దేని వర్ణనలు? కొండలా, కోనలా?"

"అలాంటివే," అంది రామతులసి, లాంతరు వత్తి తగ్గిస్తూ.

పాపాయమ్మకు రోషం వచ్చింది. తన ఇంట్లో, తన లాంతరు కింద, తనకు తెలియకుండా ఒకటి జరుగుతోందా? మర్నాడు మధ్యాహ్నం కోడలు కొలతలకని పక్కింటికి వెళ్ళగానే పుస్తకం తీసి, ఆ రెండు కాగితాలూ పట్టుకుని, గేదెల పాక వెనక్కి పోయి కూర్చుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'అతని అధరాలు ఆమె అధరాలను కలిశాయి' అని ఉంది. ఆధారాలు కాబోలు అనుకుంది పాపాయమ్మ. ఇతని దగ్గరి కాగితాలూ ఆమె దగ్గరి కాగితాలూ ఒక్కటయ్యాయంటే పొలం పంపకాలు తేలిపోయాయన్నమాట. మరి తలుపెందుకు వేసుకున్నట్టు? కరణం ఎక్కడ? సాక్షులేరీ? ఎంత చదివినా సర్వే నంబరు రాలేదు.

సాయంత్రం ఉండబట్టలేక అడిగేసింది. "ఆధారాలు కలవడమంటే రిజిస్ట్రేషన్ అయిపోయినట్టేనా?"

రామతులసి పుస్తకం వైపు చూసింది, అత్త వైపు చూసింది, పమిట నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు. కొడుకు పోయాక ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది. "అధరాలంటే పెదాలు, అత్తయ్యా," అంది చివరికి, కళ్ళు తుడుచుకుని.

పాపాయమ్మ వేలు పెట్టి ఆ మాట మళ్ళీ కూడబలుక్కుంది. "అయితే రిజిస్ట్రేషన్ అయినట్టే," అంది.

ఆ రోజు నుంచి కోడలు మింగేసినవి ఆమె తవ్వుకునేది. కరెంటొచ్చి టీవీ మళ్ళీ మాట్లాడినా దాని ముఖం చూడలేదు. ఒత్తులు కుదిరాయి, దీర్ఘాలు కుదిరాయి. రెండో తరగతిలో పంతులుగారి బెత్తం నేర్పలేనిది ఆ తలుపులు వేసుకున్న గదులు నేర్పాయి. నవలల్లో మనుషులు ఎప్పుడూ కూడనిచోటే మనసు పడేవారు. సవతితల్లి తమ్ముడనీ, చెల్లెలికి నిశ్చయమైన వరుడనీ. పాపాయమ్మ వాళ్ళని నోరారా తిట్టి, తరవాతి కాగితం తిప్పేది.

వేసవి మొదట్లో నీలం అట్ట పుస్తకం ఒకటి వచ్చింది. అందులో ఓ పిల్ల. మొగుడు పోయాడు. మొగుడి మేనమామ కొడుకు ఆ ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు. ఆ పిల్ల అతన్ని అన్నయ్యా అని పిలవాలి, పిలవలేదు. ఓ వానరోజు గొడుగు కింద ఇద్దరూ... అక్కడ రామతులసి ఆగింది. ఈసారి కాగితం తిప్పలేదు. పుస్తకమే మూసేసింది.

"ఇది బాలేదు, అత్తయ్యా. తిరిగిచ్చేద్దాం."

పాపాయమ్మ దాన్ని తీసి తలగడ కింద పెట్టుకుంది. మర్నాడు పాక వెనక ఆ పుస్తకం తెరిచింది. చదువుతుండగా మనసు పుస్తకంలోంచి తన వసారాలోకి వచ్చింది. గణేష్‌బాబు కూడా చచ్చిపోయిన తన కొడుక్కి మేనమామ కొడుకే. రామతులసికి వరసకి అన్నయ్య. పెళ్ళై వచ్చిన నాటినుంచి ఆ పిల్ల 'అన్నయ్యా, మంచినీళ్ళు' అనేది, వాడు 'చెల్లెమ్మా, ఇదిగో పుస్తకం' అనేవాడు. ఈ మధ్య ఆ మాటలు వినపడ్డాయా? 'ఇదిగోండి' అంటోంది ఇది. 'అక్కడ పెట్టాను' అంటున్నాడు వాడు. పిలుపే లేదు. తెలుగువాడి నోట వరస రాలేదంటే లోపల ఏదో అడ్డం పడ్డట్టే.

తనకు వచ్చింది కోపమా, భయమా తేల్చుకోలేక పాపాయమ్మ మిగతా కథ చదివేసింది. చివరికి ఆ పిల్ల గోదాట్లో దూకింది. అతగాడు గట్టు మీద నిలబడి ఏడ్చాడు. అయిపోయింది.

మర్నాడు పుస్తకం చంకలో పెట్టుకుని బస్సెక్కి కొట్టు ముందు దిగింది.

"ఇది రాసినవాడెవడ్రా?"

"వాడు కాదండీ... ఆవిడత్తా," అన్నాడు గణేష్‌బాబు కంగారుగా, స్టూలు జరిపి. "కూర్చో. సోడా తెప్పిస్తాను."

"సోడా వద్దు. నిక్షేపంలాంటి పిల్లని నీళ్ళపాలు చేసింది. నువ్వు చదివావా?"

"చదివాను."

"చదివి తెచ్చిచ్చావా, చదవకుండా తెచ్చిచ్చావా?"

గణేష్‌బాబు బల్ల మీది పుస్తకాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. "కొట్టు ఎవరికైనా ఇచ్చేసి రాజమండ్రి పోదామనుకుంటున్నానత్తా. అక్కడో ప్రెస్సులో పని ఉందన్నారు."

"ఇక్కడేం లోటొచ్చింది?"

"లోటేం లేదు. అన్నయ్యా అనిపించుకున్నాక ఇంకేం మిగులుతుంది? నేను కనపడకపోతే ఆవిడ స్థిమితపడుతుంది." తల ఎత్తకుండానే అన్నాడు. ఆవిడ ఎవరో పాపాయమ్మ అడగలేదు. వాడు చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి రామతులసి మిషను మీద తలవంచుకుని ఉంది. పాపాయమ్మ చెప్పులు విడవకుండానే అంది, "గణేష్ రాజమండ్రి పోతాట్ట."

సూది ఆగింది. ఆ పిల్ల దారం తెంపింది. "మంచిదే. వెళ్ళనివ్వండి. లేకపోతే నన్ను మా వాళ్ళింటికి పంపించెయ్యండి, అత్తయ్యా. నేను తప్పు పని ఏదీ చెయ్యలేదు. కానీ ఆయనొస్తే నోటికి వరస రావడం లేదు."

"గోదాట్లో దూకుతావా?"

"ఛ, అదేం మాట," అంది రామతులసి తలెత్తి. "దూకితే మీకు గేదె పాలెవరు పితుకుతారు?"

పాపాయమ్మకు ఆ జవాబు నచ్చింది. ఆ నవలలో పిల్ల కంటే తన పిల్ల తెలివైంది. కొడుకు ఫోటో గోడ మీదుంది. దాని వైపు ఓసారి చూసి చూపు తిప్పుకుంది. వాడు పోయాడు. వాడితో పాటు ఈ పిల్ల వయసు కూడా పోవాలని ఏ దేవుడు రాశాడు? రాసేవుంటే ఆ దేవుడికీ ఆ నవల రాసినావిడకీ తేడా ఏముంది?

ఆ సాయంత్రమే మరిది బంగార్రాజుని పిలిపించింది. వాళ్ళ కుటుంబాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆయన చెప్పిందే వేదం. ఆయన కాదంటే ఊళ్ళో పెళ్ళికి తాంబూలం కదలదు. విషయం వినగానే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"నవలలు చదివి మతి పోయిందా, వదినా? అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంటి? వరస కాదు."

"కూర్చో. ఏ వైపు నుంచి లెక్క కట్టావు?"

"ఏ వైపేంటి? మనవాడి వైపు నుంచి. మొగుడి బావ ఆడదానికి అన్నే."

"మనవాడు లేడుగా. లేనివాడి వైపు నుంచి లెక్కెందుకు? ఉన్నదాన్ని నేను. నా వైపు నుంచి కట్టు."

"నీ వైపు నుంచైతే అది కోడలు..."

"కూతురనుకో. నేను దాన్ని కూతురు చేసుకుంటున్నాను. ఇప్పుడు చెప్పు. నా కూతురికి నా అన్న కొడుకు ఏమవుతాడు?"

బంగార్రాజు మళ్ళీ కూర్చున్నాడు. వేళ్ళు మడిచాడు, విప్పాడు. తలుపు చాటున రామతులసి నిలబడి వింటోంది. గేదె ఒకసారి అరిచి ఊరుకుంది.

"మేనబావ," అన్నాడాయన చివరికి, పంటి కింద రాయి పడ్డట్టు.

"మేనరికం మనలో ఉందా, లేదా?"

"ఉందనుకో. కానీ నోటిమాటతో కూతురైపోతుందా? ఇచ్చే చెయ్యి కావాలి. నువ్వా, పీటల మీద కూర్చోడానికి లేదు."

ఆ మాట గుచ్చుకుంది. మొగుడు పోయిన ఆడది కన్యాదానం చెయ్యకూడదన్న సంగతి పాపాయమ్మకు ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. మరో రోజైతే ఆ మాటకి మరిది చెవులు చిల్లులు పడేవి. ఆ రోజు మింగింది.

"నేను కూర్చోలేను. నువ్వూ మీ ఆవిడా కూర్చోండి. నా కూతురంటే మీ అన్న కూతురు. అన్న లేనప్పుడు తమ్ముడే తండ్రి. నలుగురు కొడుకుల్ని కన్నావు. ఆడపిల్లనిచ్చి అల్లుడి కాళ్ళు కడిగే యోగం లేదని ప్రతి పెళ్ళిలోనూ మీ ఆవిడ కళ్ళొత్తుకుంటుంది. ఆ యోగం నీ గుమ్మంలోకి వస్తే కాదంటావా?"

బంగార్రాజు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టాడు. "ఆ పిల్ల ఇష్టం కనుక్కున్నావా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అక్కడే ఉంది. తండ్రివి నువ్వు, నువ్వే అడుగు."

ఆయన తలుపు వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"మీరు పెద్దవారు. మీరెలా అంటే అలాగే," అంది లోపలి గొంతు. తరవాత, ఆ మాట చాలదని తోచిందేమో, "నాకిష్టమేనండి," అంది.

వైశాఖంలో ద్రాక్షారామం గుడిలో పెళ్ళయింది. ఊళ్ళో కొందరు రాలేదు. వచ్చినవాళ్ళు రానివాళ్ళ గురించి చెప్పుకుంటూ భోజనం చేశారు. బంగార్రాజు గణేష్‌బాబు కాళ్ళు కడుగుతూ ఎంతకీ వదలకపోతే, "చాలయ్యా, కుర్రాడి కాళ్ళు అరిగిపోతాయి," అంది పాపాయమ్మ స్తంభం పక్కనుంచి. గణేష్‌బాబు ఆమెకి దణ్ణం పెట్టి, "అత్తా" అని ఆగిపోయాడు. వాడికి కొత్త పిలుపు నేర్చుకునే పని కూడా లేదు. మేనత్తా అత్తే, పిల్లనిచ్చినావిడా అత్తే.

కొట్టు వెనక గదిలో కాపురం పెట్టారు. రామతులసి మిషను కూడా అక్కడికే చేరింది. పాలు పితకడానికి పాపాయమ్మ ఓ మనిషిని పెట్టుకుంది. ఆ మనిషిని తిట్టడంతో పొద్దు తెలియడం లేదని అందరితో చెప్పేది.

ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్ళికూతురు ఆ నెల పుట్టింట ఉండాలి. అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. పాపాయమ్మ పొద్దున్నే కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ ఎడ్లబండి ఆగి ఉంది. బండి పక్కన ఉతికిన పంచెతో బంగార్రాజు.

"నువ్వెందుకొచ్చావు?"

"నా కూతుర్ని ఆషాఢానికి తీసుకెళ్ళడానికి," అన్నాడాయన. "కన్యాదానం చేసింది నేను. మా ఆవిడ అరిసెలు కూడా వండింది."

"వరస కలిపింది నేను. నేను తల్లినయ్యాకే కదా నువ్వు తండ్రివయ్యింది."

"పీటల మీద ఎవరు కూర్చున్నారో గుళ్ళో అందరూ చూశారు, వదినా."

బస్టాండులో జనం ఆగి వింటున్నారు. గణేష్‌బాబు అత్తకి ఎదురుపడకుండా బీరువా వెనక నక్కి, "నన్నెవరూ తీసుకెళ్ళరా?" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

రామతులసి సంచీ పట్టుకుని బయటికొచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసింది. సంచీ బండిలో పెట్టి, పాపాయమ్మ చెయ్యి పట్టుకుని ముందు ఆమెను ఎక్కించింది.

"అరిసెలు వేడిగా ఉన్నప్పుడే తిందాం, అమ్మా. నాన్నగారింట్లో భోజనం చేసి, సాయంత్రం మనింటికి పోదాం. రేపు మళ్ళీ చూసుకుందాం," అంది.

బంగార్రాజు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటే పట్టిందో ఏమో. పాపాయమ్మ బండిలో సర్దుకుని కూర్చుని, "ఎడ్లను మెల్లిగా తోలు. పిల్ల ఉంది బండిలో," అంది.