ఎర్ర కళ్ళద్దాలు, నలభై నెంబరు బాబిన్లు

ముందే చెప్పేస్తున్నా, ఉద్యోగం పోలేదు. అందుకే ఇలా టీ తాగుతూ నవ్వుతూ చెప్పగలుగుతున్నా. మొన్న గురువారం మధ్యాహ్నం మాత్రం నా పని అయిపోయిందనే అనుకున్నా. అదీ ఎప్పుడు? నీ కళ్ళు మహా గొప్పవయ్యా అని ఒక ప్రొఫెసర్ గారు నన్ను మెచ్చుకున్న ఐదు నిమిషాలకి!

మీకు తెలుసు కదా, సింగానల్లూరు దగ్గర మా మిల్లులో నేను ఆరేళ్ళుగా బదిలీ పనివాణ్ణి. పర్మనెంటు మనిషి ఎవరైనా రాకపోతే ఆ రోజు నాకు పని, అందరూ వస్తే ఇంటికి. సోమవారం ముగ్గుర్ని పర్మనెంట్ చేస్తామని స్పిన్నింగ్ మాస్టర్ చెప్పారు. మా ఆవిడ సరోజ కారమడై రంగనాథస్వామికి మొక్కు కూడా మొక్కేసింది. అలాంటి వారంలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యాలి. నేనేం చేశానో చూడండి.

బుధవారం మాస్టర్ పిలిచి, "కాలేజీ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చారు, కళ్ళు బాగున్నవాణ్ణి ఒకణ్ణి పంపమంటున్నారు, నువ్వు వెళ్ళు" అన్నారు. ఇంతమందిలో నన్నే పిలిచారంటే లిస్టులో నా పేరు ఉన్నట్టే అని లోపల లోపలే గంతులేశా. ఆ ప్రొఫెసర్ గారిది వింత పరిశోధన. చీకట్లో మనిషి కన్ను ఎంతవరకు చూడగలదు అని. సిపాయిలు రాత్రిపూట చూడ్డానికి దుర్బిణీ చెయ్యాలంటే, ముందు ఉత్త కన్ను సత్తా ఎంతో తేలాలట. విషయం విని సరోజ ఆ రాత్రి, పొద్దున, మధ్యాహ్నం డబ్బాలో కూడా పొన్నగంటి కూరే పెట్టింది. కంటికి మంచిదట. కంటి సంగతి దేవుడెరుగు, కడుపులో మాత్రం ఒకటే గడబిడ!

ప్రొఫెసర్ గారు నాకొక జత కళ్ళద్దాలు ఇచ్చారు. చుట్టూ రబ్బరు, మధ్యలో ఎర్రెర్రని అద్దాలు. "పరీక్షకి అరగంట ముందు పెట్టుకో. కళ్ళు చీకటికి తయారవుతాయి. ఒక్క క్షణం కూడా తియ్యకు. తీస్తే మళ్ళీ మొదటికి వస్తుంది" అన్నారు.

"పెట్టుకుని పని చెయ్యొచ్చా సార్?" అని అడిగా.

"ధారాళంగా! అన్నీ కనపడతాయి" అన్నారు.

మర్నాడు గురువారం రెండింటికి షిఫ్టు దిగాలి, రెండింటికే గేటు దగ్గరికి కాలేజీ వ్యాను. కాబట్టి ఒంటిగంటన్నరకి పనిలో ఉండగానే తగిలించా. మేస్త్రీ ఒక్క చూపు చూసి నాలుగడుగులు వెనక్కి గెంతాడు. "డేయ్ కిట్టూ! మెడ్రాస్ ఐ-యా?" కళ్ళకలకకి మా ఊళ్ళో అదే పేరు. "కాదండీ, ఇది సైన్సు" అంటున్నా వినిపించుకోడే! "సైన్సో గియిన్సో, నా పక్కకి రావద్దు" అని అటు తిరిగి వెళ్ళిపోయాడు. ఇక షిఫ్టు అయ్యేదాకా నా దరిదాపులకి ఒక్కడొస్తే ఒట్టు. నాకూ హాయిగానే అనిపించింది.

ఇక్కడ నా పని గురించి ఒక ముక్క చెప్పాలి. నూలు చుట్టిన బాబిన్లు రెండు రకాలు కలిసి నా ముందుకొస్తాయి. అడుగున ఎర్రరంగు ఉంటే నలభై నెంబరు నూలు, తెల్లరంగు ఉంటే అరవై, అంటే ఇంకా సన్నం. అడుగు చూసి ఎర్రవి ఈ పెట్టెలో, తెల్లవి ఆ పెట్టెలో వెయ్యాలి. అంతే పని. కానీ రెండూ కలిశాయో, బట్టలో చారలు పడతాయి, మా నూలు కొనే మదురై పార్టీ సరకంతా వెనక్కి పంపుతుంది. మిల్లులో ఏ తప్పైనా క్షమిస్తారు గానీ ఇది క్షమించరు.

ఆ అరగంటలో ఒక్క ఎర్ర బాబిన్ కూడా రాలేదండీ! అన్నీ తెల్లవే. నలభై నెంబరు నూలు వడికే ఫ్రేములు ఆపేశారేమో, ఇవాళ పని ఎంత సులువైపోయింది అని సంబరపడుతూ, ఈల వేసుకుంటూ, మొత్తం అరవై పెట్టెలో పోశా. షిఫ్టు అయిందని మిల్లు సంగు ఊదారు, వ్యాను ఎక్కా.

కాలేజీలో ఒక చీకటి గది. నాతో పాటు ఒక కాంపౌండరు, ఒక బస్సు డ్రైవరు, ఇంకొకాయన. లోపలికెళ్ళి అద్దాలు తీస్తే నా చెయ్యి నాకు కనపడలేదు. కాసేపటికి ఎక్కడో సూదిమొనంత వెలుగు. "సూటిగా చూడకండి, కొంచెం పక్కకి చూస్తే కనపడుతుంది" అన్నారు ప్రొఫెసర్ గారు. మిగతావాళ్ళు తంటాలు పడుతున్నారు. నాకదొక లెక్కా? మేస్త్రీ ఎటున్నాడో ఓరకంట కనిపెడుతూ ఆరేళ్ళు పని చేసినవాణ్ణి! కుడి అన్నా, ఎడమ అన్నా, పైన అన్నా. ఒక్కటీ తప్పలేదు. "అబ్బ! ఇలాంటి కళ్ళు నేను చూడలేదు" అన్నారాయన. ఆ చీకట్లో ఎవరికీ కనపడలేదు గానీ నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఊరుకోవచ్చు కదా? పెద్ద తెలివైనవాడిలా ఒక ప్రశ్న వేశా. "సార్, అద్దాలు ఎర్రగానే ఎందుకుండాలి?"

ఆయనకి ఉత్సాహం వచ్చేసింది. చీకట్లో పనిచేసే భాగం కంట్లో వేరే ఉందట, దానికి ఎర్ర వెలుగు పెద్దగా అంటదట. "ఒక్క చిక్కేమిటంటే, ఆ అద్దాల్లోంచి చూస్తే ఎరుపూ తెలుపూ ఒకేలా కనపడతాయి. తెల్ల కాగితం మీద ఎర్రగీత గీస్తే గీతే కనపడదు" అన్నారు.

"అయ్యో బాబిన్లు!" అని ఒక్క కేక పెట్టి తలుపు తీసుకుని బయటపడ్డా. వెనకాల ముగ్గురి అరగంట కష్టం ఆ వెలుతురులో కొట్టుకుపోయింది. డ్రైవరు గారు తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను.

బయట మూడింటి ఎండ. కళ్ళు తెరవలేను! గత్యంతరం లేక మళ్ళీ ఆ ఎర్ర కళ్ళద్దాలే పెట్టుకుని బస్సెక్కా. కండక్టరు చూశాడు. "మెడ్రాస్ ఐ! ఎరంగు, ఎరంగు!" అని దిగమన్నాడు. కాదు బాబూ అని అద్దాలు తీసి చూపించా. కళ్ళు ఎర్రగా ఉండి ధారగా నీళ్ళు కారుతున్నాయి. బస్సంతా అటుపక్కకి జరిగింది. దించేశారు. చివరికి కినత్తుకడవు నుంచి వస్తున్న కొబ్బరికాయల లారీవాడు జాలిపడి వెనక ఎక్కించుకున్నాడు. కాయల మీద ఎగిరెగిరి పడుతూ ఒకటే ఆలోచన. ఆరేళ్ళు పోయాయి, సరోజకి ఏం చెప్పాలి? నిజం చెబుతున్నా, ఏడుపొచ్చింది.

మిల్లులో రెండో షిఫ్టు జోరుగా నడుస్తోంది. బాబిన్ల నూలు మిషన్ల మీద చుట్టే వైండింగులోకి పరుగెత్తా. మా రంగమ్మక్క అక్కడ పాత మనిషి. నా పెట్టె ఆవిడ పక్కనే ఉంది. సగం ఖాళీ! నాకు ప్రాణం పోయింది.

"ఏమప్పా కిట్టూ, కండ్లు ఏడ పెట్టి పోయినావు?" అంది, మిషను మీంచి చూపు తిప్పకుండానే.

"అక్కా, ఆ పెట్టెలో నలభై..."

"కూత కూయొద్దు, మేస్త్రీకి వినపడతాది. నాకి తెలుసు లే. మొదటి బాబిన్ చేతికి వచ్చినప్పుడే తెలిసిపోయె, ఇది అరవై కాదని. నలభైది అంతా ఏరి ఆ బుట్టలో పెట్టినా. ఒకటీ మిషనుకి పోలేదు. పో, నీళ్ళు తాగు పో."

అక్కడే నేల మీద కూర్చుండిపోయా. ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోతే, "ఛీ, ఆ కండ్లతో దగ్గరికి రావద్దు సామీ!" అని కాళ్ళు వెనక్కి తీసుకుంది. తర్వాత జరిగిందంతా చెప్పా. నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"పాత బాబిన్లో రంగే పోయి ఉంటాది కిట్టూ. రంగును నమ్ముకొని కూర్చుంటే ఎట్ల? ఏదీ, కండ్లు మూసుకో" అని పది బాబిన్లు ఒకటొకటిగా నా చేతిలో పెట్టింది. పోగు వేళ్ళ మధ్య రుద్ది చెప్పాలి. పదిలో నాలుగు చెప్పా. "మా మనవడు ఆరు చెప్తాడు" అంది.

సోమవారం ప్రొఫెసర్ గారి ఉత్తరం వచ్చింది. తలుపు సంగతి ఒక్క ముక్క రాయలేదు, మహానుభావుడు. మాస్టర్ దాన్ని అందరి ముందూ చదివి, "ఇలాంటి కళ్ళున్న మనిషి బాబిన్ల దగ్గర ఉంటే మనకింక దిగుల్లేదు" అని నన్ను పర్మనెంట్ చేసేశారు. వెనక వరసలో రంగమ్మక్కకి దగ్గు తెర వచ్చి ఎంతకీ తగ్గలేదు. నేను తల ఎత్తితే ఒట్టు!

ఇప్పుడు మిల్లు మొత్తం మీద నా కళ్ళకి వచ్చినంత పేరు ఎవరి కళ్ళకీ లేదు. నేను మాత్రం పెట్టె నిండగానే మేస్త్రీ ఎటున్నాడో చూసుకుని, ఆ గొప్ప కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, ఒక్కొక్క బాబిన్ తడిమి చూశాకే పంపిస్తున్నా.