కాటేజ్‌కి అమ్మ తెచ్చిన తాళం కప్ప

పెట్టెలో తాళం కప్ప ఎందుకు సర్దుతోందో ఆ శుక్రవారం అమ్మను అడిగి ఉంటే సరిపోయేది. నాకంత తీరిక ఎక్కడిది? ఒక పక్క ఆఫీసు మీటింగు. ఇంకో పక్క ఎనిమిదేళ్ళ పెద్దది ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆపేసి బొమ్మలు చూస్తోంది, పదకొండు నెలల చిన్నది నా కీబోర్డు నాకుతోంది. పదిహేను నెలలుగా మిస్సిసాగాలోని మా టౌన్‌హౌస్‌లో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ బతుకుతున్నాం.

అమ్మ నా పురుడు కోసం ముందుగానే వచ్చింది. వచ్చిన రెండు వారాలకే కరోనాతో విమానాలు ఆగిపోయాయి. నాకు కాన్పు కష్టమైంది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుందన్నారు. అమ్మను ఆసుపత్రి గుమ్మం తొక్కనివ్వలేదు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే ఏడాది తిరక్కుండా పుట్టువెంట్రుకలు కొండకు ఇస్తానని తిరుపతి వెంకన్నకు మొక్కేసుకుంది. ఇక అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే కాఫీ చేతికిస్తూ, "విమానాలు తెరిచారా?" అని అడిగేది. నాకు ఒళ్ళు మండేది. "నేనేమైనా పైలట్‌నా అమ్మా?" అని కసురుకునేదాన్ని.

జూన్‌లో ఆంక్షలు కాస్త సడలించారు. ఒకే ఇంటివాళ్ళయితే ఊరి బయట కాటేజ్ అద్దెకు తీసుకోవచ్చన్నారు. మంగలి షాపులు మాత్రం ఇంకా మూసే ఉన్నాయి. మా ఆయన వారం రోజులు కంప్యూటర్ ముందు తపస్సు చేసి, చివరికి భోజనాల దగ్గర చల్లటి కబురు చెప్పాడు.

"మొత్తానికి కాటేజ్ దొరికింది అత్తయ్యా! రెండు రోజులు."

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "దొరికిందా బాబూ! ఎక్కడ?"

"మూడు గంటల డ్రైవ్. చుట్టూ కొండలు, పక్కనే నీళ్ళు. దిగడానికి మెట్లు కూడా ఉన్నాయట."

"మెట్లు కూడానా!" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంట్లో పడి ఉండి విసిగిపోయింది పాపం, అనుకున్నాను. మా ఆయన తన జులపాలు ఆరుబయట కత్తిరించుకుందామని ట్రిమ్మర్ సర్దుతుంటే, "అది కూడా గుర్తుపెట్టుకున్నావా, బంగారు తండ్రివి!" అని మెచ్చుకుంది. ఆయన ఉబ్బిపోయాడు. అత్తగారు అంతలా మెచ్చుకోవడం అదే మొదటిసారి మరి!

సాయంత్రానికి చేరాం. సరస్సు ఒడ్డున చెక్క ఇల్లు. తలుపుకి నంబర్లు నొక్కే లాకు ఉంది. అమ్మ తాళం కప్ప పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"దీన్ని ఎక్కడ వెయ్యాలే?"

"అక్కర్లేదమ్మా, నంబర్లు నొక్కితే చాలు."

"అయితే మన కొండ మీద కంటే నయమే," అంది.

అప్పుడైనా నాకు వెలగలేదు. రాత్రి ఆమ్లెట్ వేస్తే ముట్టనంది. అప్పుడూ వెలగలేదు.

తెల్లారి లేచేసరికి అమ్మ తలంటు పోసుకుని, పట్టుచీర కట్టి సిద్ధంగా ఉంది. చిన్నదానికీ పట్టులంగా వేసేసింది. "ఇంకా లేవలేదా? జనం పెరక్కముందే వెళ్ళాలి. గుడి ఎటు?"

"గుడేంటి?"

"కాటేజ్ దొరికిందన్నారుగా!"

అప్పుడు అర్థమైంది. మా అమ్మకు తెలిసిన కాటేజ్ లోకంలో ఒక్కటే, తిరుమలలో భక్తులకిచ్చేది. దానికి తాళం కప్ప ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కొండ, నీళ్ళు, మెట్లు, పైగా ట్రిమ్మర్! ఈ దేశంలోనూ అలాంటి క్షేత్రం ఒకటి ఉండే ఉంటుందనుకుంది. నేను కడుపు పట్టుకుని పకపకా నవ్వాను. నవ్వుతూనే అమ్మ ముఖం చూశాను.

"ఇంకో పది రోజుల్లో ఏడాది నిండుతుందే," అంది మెల్లగా. "మొక్కు తప్పినట్టేగా."

నా మీద నాకే అసహ్యమేసింది. దేవుడి విషయంలో అంతంత మాత్రమే అయిన మా ఆయన మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, ట్రిమ్మర్ పట్టుకుని వచ్చాడు. "మీరు మూడు కత్తెర్లు వెయ్యండి అత్తయ్యా, మిగతాది నేను చూసుకుంటా. ముడుపు కట్టి దాచుదాం, వెళ్ళినప్పుడు ఇచ్చేద్దాం. ఆయనకు మాత్రం తెలీదా, విమానాలు లేవని?"

అమ్మ ముఖం విప్పారింది. "మరి తిరుపతి ఎటు?"

ఆయన ఫోన్ తీసి చూశాడు. "ఉత్తరం."

"తూర్పు కాదూ?"

"భూమి గుండ్రం కదా, అడ్డదారిన వెళ్తే ఉత్తరమే అత్తయ్యా!"

అందరం ఉత్తరానికి, సరస్సు వైపు తిరిగాం. అమ్మ గోవిందా అంటూ మూడు కత్తెర్లు వేసింది. ట్రిమ్మర్ గుర్రుమంటుంటే చిన్నది కితకితలు పెట్టినట్టు కిలకిలా నవ్వింది. పెద్దది దాని గుండు నిమిరి, "షీ లుక్స్ లైక్ ఎ పొటాటో!" అంది. అమ్మ రూపాయి బిళ్ళతో సహా ఆ జుట్టును పసుపు గుడ్డలో మూటగట్టి, చిన్న పెట్టెలో పెట్టి, తాళం కప్ప వేసి, తాళం చెవి నా చేతిలో పెట్టింది.

"పెట్టె నాతో ఊరికి తీసుకెళ్తా. తెరవడానికి నువ్వే రావాలి."

మూడో ఏడు అందరం తిరుమల వెళ్ళి, అక్కడి కాటేజ్‌లో దిగాం. నేను పెట్టె తెరిచి పసుపు గుడ్డ విప్పుతుంటే, ఎదురుగా కూర్చున్న రెండు పిలకల చిన్నది, "హూజ్ హెయిర్ ఈజ్ దట్?" అని అడిగింది. నీదేనంటే ఒక పట్టాన నమ్మలేదు. దర్శనానికి బయల్దేరుతూ తలుపు దగ్గరికేసి, అదే తాళం కప్ప టక్కున వేసి, అమ్మ మా ఆయన వైపు తిరిగింది.

"చూశావా బాబూ, కాటేజ్ అంటే ఇదీ!"