పాటల కింద అమ్మ గొంతు

తొంభైల్లో చోడవరంలో జరిగిన పెళ్ళిళ్ళ వీడియో కేసెట్లు చూస్తే, ఆ కాలం మనుషులకి నోళ్ళే లేవనిపిస్తుంది. అందరూ పెదాలు కదుపుతుంటారు, వినపడేవి మాత్రం సినిమా పాటలు. మిక్సింగంటే అదే. స్టూడియోవాళ్ళు కేసెట్టు విశాఖపట్నం పంపి, మాటలన్నీ తీసేయించి, మొదట్నుంచి చివరిదాకా పాటలు వేయించి తెచ్చేవారు. ఎంత మంచి పాటలు పడితే స్టూడియోకి అంత పేరు. మా అక్క పెళ్ళి కేసెట్టూ అలాంటిదే. వీధి వీధంతా మా ఇంట్లో చేరి, చాపల మీద ఇరుక్కుని కూర్చుని చూసి మెచ్చుకున్నారు. మేమూ తెగ మురిసిపోయాం. ఎంత మంచి రోజులవి!

ఆ పెళ్ళైన కొన్నాళ్ళకి అమ్మకి గొంతు ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, మాట పోయింది. మా అమ్మ మామూలుగా మాట్లాడే మనిషి కాదు. పెరట్లోంచి పిలిస్తే రోలుగుంట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూసేవారు. అలాంటిది ఏం కావాలన్నా గరిటెతో గిన్నె మీద కొట్టి పిలవాల్సి వచ్చింది. అక్క రావికమతంలో అత్తారింటి నుంచి వచ్చినప్పుడల్లా వీడియో డెక్కు అద్దెకి తెప్పించి పెళ్ళి కేసెట్టు పెట్టించేది. అమ్మ, తెర మీద తను కనపడగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎందుకో నాకు చాలాసార్లు చూశాక గానీ తట్టలేదు. తెర మీద తను మాట్లాడుతోంది, ఏం మాట్లాడుతోందో తనకే వినపడటం లేదు. అది తట్టిన రోజు ఎలాగైనా అమ్మ గొంతు అమ్మకి వినిపించాలనుకున్నాను.

మిక్సింగ్ చేయని అసలు కేసెట్టు మా ఇంట్లోనే ఉంది. స్టూడియోవాళ్ళు దాన్ని చెరిపేసి ఇంకో పెళ్ళికి వాడుకోవడం మామూలు. కానీ మా నాన్న, టైలరు దగ్గర మిగిలిన గుడ్డముక్కలు కూడా అడిగి తెచ్చుకునే రకం. దాన్నీ తెచ్చి బీరువా అడుగున పడేశాడు. తీసి చూస్తే టేపంతా తెల్లగా బూజు. డెక్కులు అద్దెకిచ్చే అతను చూసి, "ఇది ఎడితే నా డెక్కు హెడ్డు పోతాదమ్మా" అని చేతులెత్తేశాడు.

నేనప్పటికి విశాఖపట్నంలో ఒక కంప్యూటర్ సెంటర్లో చేస్తున్నాను. పేరుకి కంప్యూటర్ ఉద్యోగం, టైపు కొట్టడం తప్ప ఏమీ రాదు. అప్పుడే సెంటర్లోకి వీడియో ఎక్కించే కార్డూ, సీడీలు రాసే డ్రైవూ కొత్తగా వచ్చాయి. డెక్కులు రిపేరు చేసే ఒకాయన బూజు తుడిచి, "ఒక్కసారి ఆడతాదమ్మా, తరవాత నాను పూచీ కాదు" అన్నాడు. ఆ ఒక్కసారిలోనే మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించేశాం. ఇక కత్తిరించి డిస్కు చేసే సాఫ్ట్‌వేర్ కావాలి.

స్టూడియోలవాళ్ళు వాడే పెద్దదాని ధర వినగానే దానికో దండం పెట్టేశాను. రెండోది అందరూ మెచ్చుకున్నది. చవక, పైగా 'పెళ్ళి' బొమ్మ నొక్కితే చాలు, అన్నీ అదే చేసుకుంటుందన్నారు. నొక్కాను. మధ్యాహ్నమంతా తిరిగి తిరిగి ఒక సినిమా తయారుచేసి పెట్టింది. చూద్దును కదా, అమ్మ చుట్టూ గుండెబొమ్మలు ఎగురుతున్నాయి, అమ్మ గొంతు తీసేసి పియానో వాయించింది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టినదానికి కూడా మా చోడవరం స్టూడియో బుద్ధే! ఒళ్ళు మండి కీబోర్డు మీద ఒక్కటిచ్చాను.

చివరికి పనికొచ్చింది, కార్డు డబ్బాలో ఊరికే వచ్చిన సీడీ. దాన్నెవరూ విప్పి కూడా చూడలేదు. దానికి గుండెబొమ్మలు ఎగరెయ్యడం రాదు, పాటలు రావు. కత్తిరిస్తుంది, అతికిస్తుంది, డిస్కు చేస్తుంది. ఏమీ రానిదాన్ని, నాకు అంతకంటే ఏం కావాలి? ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్ళు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగితే, చెప్పని పని చెయ్యనిది తీసుకోండి అంటాను. బ్యాండుమేళం, ఊరేగింపు అన్నీ తీసేసి, అమ్మ మాట్లాడిన చోట్లన్నీ ఒక్క డిస్కులో పెట్టాను.

సంగతి విని అక్క నా మీద ఇంతెత్తున లేచింది. "నీకు మతి పోయిందేటే? మాట పోయి ఏడుస్తన్న మనిషికి ఆ మాటే ఇనిపిస్తావా? అమ్మ తట్టుకోగలదేటి?" అక్క అన్నదే నిజమైతే? ఒకసారి విన్నాక విననట్టు చేయలేం కదా. చోడవరం బస్సులో డిస్కు ఒళ్ళో పెట్టుకుని భయపడుతూనే వెళ్ళాను.

అక్క కూడా వచ్చింది. భోజనాలయ్యాక, పక్కింటివాళ్ళ సీడీ ప్లేయరు తెచ్చి పెట్టాను. పెళ్ళి భోజనాల బంతి వచ్చింది. వరసల మధ్య అమ్మ, చేతిలో నెయ్యిగిన్నె. "ఒరే బాబూ, ఆ లైటు పక్కకి తియ్యి! తినేవోళ్ళ మొకం మీద ఎడితే మెతుకు దిగుతాదేటి? ఒసే, వియ్యపురాలికి నెయ్యి పడనేదు, సూడండే!"

అమ్మ లేవలేదు. మెడ మీది ఆపరేషన్ మచ్చ దగ్గర చెయ్యి పెట్టుకుని, తెరనే చూస్తోంది. కళ్ళ వెంట నీళ్ళు. అక్క నన్నొక చూపు చూసి, ఆపడానికి రిమోటు అందుకోబోయింది. అమ్మ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది, వదల్లేదు. తెర మీది మాటలతోపాటు అమ్మ పెదాలూ కదలడం మొదలుపెట్టాయి. అక్కడ ఎవరినో తిడుతుంటే ఇక్కడా తిట్టింది, అక్కడ నవ్వితే ఇక్కడా నవ్వింది.

ఇంతలో తెర మీద ఓ పక్కనుంచి నాన్న గొంతు, విసుగ్గా: "నెమ్మదిగా మాటాడవే, ఊరంతా ఇంటన్నాది."

నాన్న కుర్చీలోంచి లేచాడు. మా ఎవరి మొహమూ చూడకుండా టీవీ దగ్గరికి వెళ్ళి, సౌండు ఎంత వస్తుందో అంతా పెట్టాడు.