వీరమ్మ దొరువులో నేను బిగించిన ఇంజను

1968. తెనాలిలో మా వర్క్‌షాపు రైల్వే స్టేషనుకు దగ్గర్లోనే ఉండేది. ఆయిల్ ఇంజన్లు బిగించడం, చెడితే బాగుచేయడం నా పని. పేరు మస్తాన్. అప్పటికి పదేళ్ల అనుభవం, దానికి రెండింతల గర్వం ఉన్న ఫిట్టర్ని. రేపల్లె, పెనుమూడి వైపు కృష్ణ ఒడ్డున చాలా ఇంజన్లు నా చేతి మీదే తిరిగాయి. అక్కడ పని సులువు. సక్షన్ పైపు, అంటే నీళ్లను పైకి లాగే గొట్టం, ఎంత లోతుకు దింపితే అంత ధీమా. దాని అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటుంది. ఎక్కిన నీళ్లు మళ్లీ కిందికి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. ఈ రెండూ సరిగ్గా కుదిరితే ఇంజను తిప్పగానే నీళ్లు దుముకుతాయి. నీళ్లంటే ఎక్కడైనా నీళ్లే కదా అని నా నమ్మకం.

ఆ ఏడు శ్రావణంలో శేషయ్య మాస్టారు మా షాపుకు వచ్చారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. తమ వీధిలో పదిహేను ఇళ్లవాళ్లను కూడగట్టి ఒక ఏర్పాటు నడుపుతున్నారు. తెనాలి చుట్టూ అంతా వరే. కార్తీకం వచ్చేసరికి చేలన్నీ పైరు మీద ఉంటాయి, కూరగాయ మొక్కకు చోటుండదు. ఇళ్లలో నీచు ముట్టని ఆ నెలలోనే బజార్లో వంకాయ కూడా ముఖం చాటేసేది. బాపట్ల దాటాక సముద్రం వైపు ఇసుక నేలలో వీరమ్మ అనే ఆవిడ కౌలుకు తీసుకుని కూరగాయలు వేసేది. విత్తనాలకూ ఎరువుకూ కావలసింది ఈ పదిహేను ఇళ్లవాళ్లు సీజనుకు ముందే సర్దుతారు. కాపు మొదలయ్యాక వారానికొక గంప ఒక్కో ఇంటికి వస్తుంది. బాగా పండితే గంప నిండుతుంది, పండకపోతే అందరికీ వెలితే. దీన్ని వాళ్లు వాటా గంప అనేవాళ్లు.

"ఈసారి కార్తీకం మొదటి వారానికే గంప ఇంటికి రావాలి మస్తానూ. ఆవిడ కుండలతో పోస్తోంది. వానలు చూస్తే జాడ లేవు. అందరం కలిసి పాత ఇంజనొకటి కొన్నాం. నువ్వొచ్చి బిగించాలి" అన్నారు మాస్టారు.

కార్తీకం గురించి అంత పట్టుదల ఎందుకో తోటకు వెళ్లాక తెలిసింది. ఆ భూమి యజమాని సరుగుడు వేస్తానని కూర్చున్నాడు. నాటి వదిలేస్తే చాలు, నీళ్లు మోసే బాధ లేదు, కట్టెకు గిరాకీ ఉంది. కార్తీకానికి తోట కళ్లబడకపోతే కౌలు రద్దని వీరమ్మకు చెప్పేశాడు. ఆవిడకు మరో ఆధారం లేదు. భర్త పోయినప్పటి నుంచి ఆ ఇసుకే ఆమె కూడు.

అక్కడ బావి లేదు, దొరువుంది. దొరువంటే ఇసుకలో తవ్విన వెడల్పాటి గుంట. వీరమ్మ అందులోకి దిగి, రెండు చేతులా రెండు కుండలు ముంచుకుని, మొక్కల మధ్య నడుస్తూ వానలా చిలకరించేది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, ఇంజను మనిషిని కాబట్టి నాకు జాలేసింది.

"లోతెంత అక్కా?" అన్నాను.

"నడుం దాకా ఉంటది."

"చాలదు. ఇంకో నిలువు తవ్వించాలి."

"వద్దు తమ్ముడూ. ఇవి పైపైన ముంచుకునే నీళ్లు. కిందకి పోగూడదు."

"లోతుకు పోయేకొద్దీ నీళ్లు పెరుగుతయ్యే గానీ పాడవుతయ్యా? కుండల రోజులు పోయినయ్ అక్కా!"

ఆవిడ కుండలు ఎత్తుకుని మళ్లీ మొక్కల్లోకి వెళ్లింది. ఎందుకు పోకూడదని నేనొక్క మాట అడిగి ఉంటే ఇవాళ ఇది రాసే అవసరం ఉండేది కాదు. అడగలేదు. నలుగురు మనుషులను పెట్టి తవ్వించాను, గట్లు జారకుండా తడికలు కట్టించాను, సక్షన్ పైపు అడుగు దాకా దింపాను. మాస్టారితో పాటు వాటాదారులు అయిదారుగురు తెనాలి నుంచి వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. డెలివరీ పైపులోంచి నా తొడంత ధార దూకేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్న మాట నిజం.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. వెళ్లి చూస్తే వంగ మొక్కల ఆకుల అంచులు కాలినట్టు ఎర్రబడి ఉన్నాయి. బెండ మొక్కలు సగం వాలిపోయాయి. తోటకూర మడి నేలకంటుకుపోయింది. వీరమ్మ తిట్టలేదు. ఒక గ్లాసుతో దొరువు నీళ్లు ముంచి నా చేతికిచ్చింది.

"తాగు."

ఒక గుక్క తాగి ఉమ్మేశాను. ఉప్పు.

నా తల తీసేసినట్టయింది. తిరిగొచ్చి చెబితే మా ఓనరు, "ఇంజను తిరుగుతోందా? తిరుగుతోంది. నీళ్లు ఉప్పగా ఉంటే మనదా పూచీ? వదిలెయ్" అన్నాడు. చట్టప్రకారం ఆ మాట సరైనదే. కానీ మర్నాడు మాస్టారి వీధికి వెళ్తే, వాటాదారుల్లో ఒకరైన సుబ్బలక్ష్మమ్మ గారు అరుగు మీద నుంచే అందుకున్నారు.

"మా వాటా మాకు ఇచ్చెయ్యమని చెప్పండి మాస్టారూ. ఉప్పు కావాలంటే మేం కొట్లో కొనుక్కుంటాం!"

మాస్టారు నొచ్చుకున్నారు గానీ నావైపు వేలు చూపలేదు. "ఇంజను పెడదామన్నది నేను" అని మాత్రం అన్నారు. ఆ మాటతో నాకు మరీ సిగ్గేసింది. తప్పు నాదైతే ఆయన నెత్తినేసుకోవడమేమిటి? ఆ పూటే బాపట్ల రైలెక్కాను.

ఈసారి పనిముట్ల సంచి పక్కన పెట్టి, ఇసుకలో కూర్చుని, మొదట అడగాల్సింది అప్పుడు అడిగాను.

"కిందకి పోగూడదని ఎందుకన్నావక్కా?"

"ఇక్కడ అడుగునంతా ఉప్పు నీళ్లే తమ్ముడూ. వాన నీళ్లు దాని మీద తేలి ఉంటయ్, పాల మీద మీగడ లాగ. కుండ మీగడే తీస్తది. నీ గొట్టం అడుగు నుంచి లాగింది. ఒక దొరువులో కాసేపు ముంచి, దాన్ని వదిలేసి ఇంకో దాంట్లోకి పోవాల. మీగడ మళ్లీ కట్టాల గదా."

పదేళ్లుగా నేను నీళ్లతో బతుకుతున్నాను. ఇంత స్పష్టంగా నీళ్ల గురించి నాకెవరూ చెప్పలేదు.

ఇంజను విప్పేసి తీసుకుపోతానని ఆవిడ అనుకుంది. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ కుండలతో పోస్తే కార్తీకానికి అందదు. గొట్టాన్నే కుండలా చేయగలిగితే? లోతు దొరువును ఇసుకతో పూడ్పించాను. దూరదూరంగా నడుం లోతువి నాలుగు కొత్తవి తవ్వించాను. ఇనప పైపు తీసేసి రబ్బరు గొట్టం వేశాను. ఖాళీ కిరసనాయిలు డబ్బా మూతికి టంకం వేసి, ఫుట్‌వాల్వ్‌ను దానికి కట్టి నీళ్లలో వదిలాను. డబ్బా తేలుతుంటే వాల్వ్ ఎప్పుడూ పై నీళ్లలోనే ఉండాలని నా లెక్క. పంపుకు పెద్ద పుల్లీ, అంటే బెల్టు తిరిగే చక్రం, మార్చాను. దాంతో పంపు నిదానంగా తిరిగి, తక్కువ లాగుతుంది.

ఇంజను తిప్పాను. డబ్బా ఒక పక్కకు ఒరిగింది, వాల్వ్ గాలి పీల్చింది, పంపు ఒట్టిపోయింది. మూడుసార్లు అదే తంతు. నాలుగోసారి డబ్బాను కాలితో తన్నాను. గట్టు మీద కూర్చున్న వీరమ్మ నవ్వింది.

"ఒంటి కుండతో ఎవరన్నా నడుస్తారా? కావిడి కట్టు."

రెండు డబ్బాలు, మధ్యలో వెదురు బద్ద, బద్ద నడిమికి వేలాడుతూ వాల్వ్. కట్టి వదిలితే నీళ్ల మీద కదలకుండా నిలబడింది. ధార వచ్చింది. ఈసారి తొడంత లేదు, మణికట్టంత ఉంది. వీరమ్మ వెళ్లి దోసిట్లో పట్టుకుని నాలుక మీద వేసుకుంది.

"తీపి!" అంది.

ఎగిరి గంతేశాను. ఇంత వయసొచ్చినా అది చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ తర్వాత మా మీటరు వీరమ్మ నాలుకే. ఇంజను ఆడుతున్నంతసేపూ నీళ్లు రుచి చూసేది. కాస్త తేడా తగిలిందంటే చెయ్యెత్తేది. నేను ఆపి, గొట్టాన్ని పక్క దొరువులోకి మార్చేవాణ్ణి. వారానికి రెండు రోజులు షాపు ఎగ్గొట్టి అక్కడే ఉండేవాణ్ణి, ఓనరు గొణుక్కునేవాడు. ఇసుక నేలకు ఒక మంచి గుణముంది, ఉప్పును ఎక్కువ కాలం దాచుకోదు. తీపి నీళ్లు పడేసరికి వంగ మొక్కల్లో బతికినవి కొత్త ఆకు తొడిగాయి. పోయిన చోట బెండ, ముల్లంగి, తోటకూర మళ్లీ వేసింది. వాటాదారులకు మాస్టారు ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పి ఎవరినీ జారిపోనివ్వలేదు.

దీపావళి వెళ్లిన మూడో రోజు పొద్దున బాపట్ల ప్లాట్‌ఫారం మీద పదిహేను గంపలు వరసగా ఉన్నాయి. చిటికెన వేలంత బెండకాయలు, ఆకులతో సహా ముల్లంగి, తోటకూర కట్టలు, ఇంటికి నాలుగేసి లేత వంకాయలు. పాసింజరు రైల్లో నేనూ వీరమ్మా గంపలతో పాటు వెళ్లాం. ఆవిడ తెనాలి చూడటం అదే మొదటిసారి.

సుబ్బలక్ష్మమ్మ గారు గంపలోంచి ఒక బెండకాయ తీసి కొన తుంచారు. టప్పున విరిగింది. ఇంకోటి తుంచారు. అదీ విరిగింది. వీధంతా ఆవిడ నోటి వైపే చూస్తోంది.

"ఏంటి మాస్టారూ, గంప ఇంతేనా? వచ్చే వారం ఇంకాస్త నిండుగా పంపమనండి!"

వీధి గొల్లుమంది. వీరమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకైతే పదిహేను ఇంజన్లు ఒక్కసారి అందుకున్నంత ఆనందమేసింది.

భూమి యజమాని ఆ వారమే తోటకొచ్చాడు. పాదుల మధ్య నడిచి, ఒక లేత బెండకాయ పచ్చిదే కొరికి, నములుతూ వెళ్లిపోయాడు. సరుగుడు మాట మళ్లీ ఎత్తలేదు. రెండో వారం రైల్లో పదహారు గంపలొచ్చాయి. ఒకటి ఎక్కువ వచ్చిందని మాస్టారు కంగారు పడ్డారు. చూస్తే దాని మీద వీరమ్మ గుర్తుగా రెండు చిన్న రేకు డబ్బాలు కావిడిలా కట్టి పంపింది. ఆ గంప నాది. నాకు ఆ తోటలో వాటా లేదు. అయినా ఆ తోట ఉన్నన్నాళ్లూ కార్తీకంలో అది తప్పకుండా వచ్చింది.

ఆ తర్వాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. 1975లో రేపల్లెలో ఒక ఆసామి తన పొలంలో కొత్త ఇంజను చూపించి, "బావి లోతు ఇంత, పైపులు సిద్ధం, ఎప్పుడు బిగిస్తావు మేస్త్రీ?" అని తొందరపెట్టాడు.

"ముందు ఆ బావి నీళ్లు ఒక గ్లాసు ఇప్పించండి. ఇంజను రాక ముందు నీళ్లు తోడింది ఎవరో వాళ్లను కూడా పిలిపించండి" అన్నాను.

ఎండన పడి వచ్చాను, దాహమేసింది కాబోలనుకుని ఆయన ఇంట్లోంచి మజ్జిగ తెమ్మని కేకేశాడు. మజ్జిగ తాగాను. నీళ్లు తాగాకే సంచి విప్పాను.