లోపలే ఉండండి

కోవిడ్ సద్దుమణిగిన తరువాతి ఏప్రిల్‌లో నన్ను సూరత్‌కు డెప్యుటేషన్ మీద పంపారు. హోదా వాతావరణ అధికారి. పని, వడగాలుల హెచ్చరికలు జనానికి అర్థమయ్యేలా చెప్పడం. గాలి కబుర్లు చెప్పి జీతం తెచ్చుకుంటానని మా ఇంట్లో అనేవారు. జీతం గాలి కాదు కనుక నేనెప్పుడూ నొచ్చుకోలేదు.

మా హెచ్చరికలో రెండు భాగాలుంటాయి. పైన ఎంత వేడి, ఏ రంగు అన్నది: పసుపైతే గమనిస్తూ ఉండాలి, నారింజైతే సిద్ధపడాలి, ఎరుపైతే వెంటనే జాగ్రత్తపడాలి. కింద సలహా. అది ఊరంతటికీ ఒకటే: మధ్యాహ్నం బయటికి రావద్దు, లోపలే ఉండండి.

ఊరి అంచున బమ్రోలిలో మరమగ్గాల మీద కరీంనగర్ వైపు వాళ్లు చాలామంది పనిచేస్తారు. తెలుగువాణ్ణని అక్కడికి నన్నే పంపారు. నారింజ హెచ్చరిక ఉన్న రోజు, పని మొదలయ్యే ముందు షెడ్డు బయట నిలబడి చదివాను. చదవడం అయ్యాక రాజం అనే పెద్దమనిషి అడిగాడు.

"లోపలనే ఉండుమని మాకు జెప్పుడెందుకు సార్? మా సేఠ్ రోజూ గదే జెప్తడు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాజం నవ్వలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న బామ్మర్ది సత్తయ్యను చూపించాడు.

"గీయన నిన్న లోపలనే ఉండి పడిపోయిండు. మళ్ల పడితే లేస్తడో లేవడో అన్నడు డాక్టరు. అయినా పనికొచ్చిండు."

లోపలికి వెళ్లి చూశాను. పైన రేకులు, అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. వడగాలి తగిలితే దారం తెగుతుందట. తెగితే మగ్గం ఆగుతుంది, కూలీ తగ్గుతుంది. అందుకే సేఠ్ మూయమంటాడు, వీళ్లూ మూస్తారు. మా ఉష్ణమాపకం మాత్రం నీడలో, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో ఉంటుంది. నా క్వార్టరు కన్నా అదే నయం. సూచన తప్పితే జనం మమ్మల్ని ఎండగడతారు. ఆ రోజు మా అంకె సరిగ్గానే ఉంది, షెడ్డు లోపలి వేడే అందులో లేదు.

మా డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. అంకెను ముట్టుకోవద్దని, సలహా మార్చాలంటే నగర ఆరోగ్యాధికారి సంతకం కావాలని అన్నారు. ఆ ఆరోగ్యాధికారిణి సత్తయ్య సంగతి విని సంతకం పెట్టింది. రేకుల షెడ్లలో పనిచేసేవారు ఎండ ముదిరిన వేళ మగ్గాలు ఆపి, తలుపులు తెరిచి, బయట నీడకు రావాలని హెచ్చరిక కింద గుజరాతీ, హిందీ, తెలుగుల్లో వేయించాం. సేఠ్ నన్ను పిలిపించి, ఎండ సంగతి మీరు చూడండి, మగ్గాల సంగతి మేం చూసుకుంటాం అన్నాడు. మర్యాదగానే అన్నాడు, చాయ్ కూడా ఇప్పించాడు.

తరువాతి నారింజ రోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. రాజం తన మగ్గం ఆపి తలుపు తీశాడు. సత్తయ్య కదల్లేదు.

"దారం తెగుతది బావా."

"తెగనీ. దారాన్నయితే ముడేస్తం. నిన్నేడ ముడేస్తం?"

సత్తయ్య బయటికి వచ్చి, ఆగి ఉన్న టెంపో నీడలో కూర్చున్నాడు. తక్కినవాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. సేఠ్ గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లిపోయాడు. పక్క షెడ్డు తలుపు మాత్రం తెరుచుకోలేదు.

తలుపులు తెరిపించే అధికారం మా శాఖకు లేదు, ఉండదు. మా చేతిలో ఉన్నది వాక్యమే. ఆ తరువాత పదవీ విరమణ దాకా, ఏ బస్తీకి సలహా రాయాల్సి వచ్చినా, మధ్యాహ్నం మీరెక్కడ ఉంటారని అక్కడివాళ్లను అడిగాకే రాశాను.