ప్లగ్గు వైర్లు తగిలించింది నాన్నే

తప్పు తనదేనని నాన్నకు ఆరోజు తెలుసా? ముప్పై ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

నిన్న దువ్వాడ స్టేషన్ బయట ఒక పాత కారు పొగగొట్టం ఢామ్మని పేలింది. ఆ పెట్రోలు వాసనకు మా క్వార్టర్ ముందు గడిచిన ఆదివారాలు గుర్తొచ్చాయి. మీ ఇళ్లలోనూ ఉండేవారుగా, అన్నీ తెలిసిన నాన్నలు? మా నాన్న స్టీల్‌ప్లాంట్ ఇంజనీరు. బనీను మీదే మా కారు బానెట్ ఎత్తి, బాగున్న స్పార్క్ ప్లగ్గుల్ని కూడా ఊడదీసి ఉప్పుకాగితంతో రుద్దేవారు.

అలా రుద్దిన ఒక ఆదివారం నుంచే కారు పొగగొట్టం ఢామ్‌ఢామ్మని పేలడం మొదలైంది. వారం ముందు కార్బురేటర్ బాగుచేసిన మెకానిక్ అప్పారావును పిలిపించి తిట్టారు. అతను ఇంజను చప్పుడు విని నవ్వాడు.

"కార్బురేటర్ బానే ఉంది సార్. రెండు ప్లగ్గు వైర్లు ఒకదాని సోట ఇంకోటి ఎట్టీసినారు. ఎవులు ముట్టుకున్నారేటి?"

"ఇంజనీరుకే పాఠాలా? పాడుచేసింది నువ్వే!"

అప్పారావు వైర్లు సరిచేయగానే పేలుళ్లు ఆగిపోయాయి. అయినా అతనికి పని రాదని నాన్న కాలనీ అంతా చాటారు. పెద్ద చదువులాయన మాట కదా, అందరూ నమ్మారు. అతని షెడ్డు మూతపడింది. ఆ వైర్లు నాన్నే తగిలించడం చూసిన నేను నోరెత్తలేదు.

తెలిసే అబద్ధమాడారా, తన చేతుల్లో తప్పే జరగదని నిజంగా నమ్మారా? రెండింటిలో ఏది ఎక్కువ నీచమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.